పలుచని తెరలు – వాని వెలుతురు కథ

టెలివిజను కొనుటకు అంగడికి పోయినవారిని పేర్ల గందరగోళము ఎదుర్కొనును. ఎల్.సి.డి., ఎల్.ఇ.డి., క్యు.ఎల్.ఇ.డి., ఓ.ఎల్.ఇ.డి. – వీనిలో దేనిని ఎన్నుకొనవలెను? ఈ తెరల చరిత్రను పరికించినచో అడుగవలసిన ప్రశ్న ఒక్కటే అని తేలును: తెరకు వెలుతురు ఎచ్చటినుండి వచ్చుచున్నది?

1888 లో ప్రాగ్ నగరమున ఫ్రీడ్రిఖ్ రైనిట్జర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు కొలెస్టరాల్ సంబంధమైన ఒక పదార్థమును వేడిచేసి చూచెను. అది సుమారు 145 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరిగి మసక ద్రవమయ్యెను; 178 డిగ్రీల వద్ద తేటపడెను. ఒకే పదార్థమునకు రెండు ద్రవీభవన స్థానములా! జర్మను భౌతికశాస్త్రజ్ఞుడు ఒట్టో లేమన్ దానిని పరిశీలించెను. మసక ద్రవము పారునదే అయినను, అందలి అణువులు స్ఫటికమునందువలె క్రమము పాటించుచుండెను. ఇవియే ద్రవస్ఫటికములు.

ఎనుబది సంవత్సరముల పిమ్మట, 1968 లో, అమెరికాలోని ఆర్.సి.ఎ. సంస్థ ద్రవస్ఫటికములతో చేసిన తెరను ప్రకటించెను. ఎల్.సి.డి. యనగా ఇదియే. ద్రవస్ఫటికములు తాము వెలుగవు. వెనుకనున్న దీపపు వెలుతురును కిటికీ తలుపులవలె ఆపును, విడుచును. తలుపు ఎంత బిగించినను సందునుండి కొంత వెలుతురు జారును. అందుచే నలుపు బూడిదవన్నెగా కనబడును. ప్రక్కనుండి చూచినచో రంగులు మారుట మరియొక లోపము. 1977 లో బెంగుళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్, ఆయన సహచరులు బిళ్లల వంటి అణువులుగల ద్రవస్ఫటికములను కనుగొనిరి. అట్టి అణువులతో చేసిన పొరలే తరువాత ఈ రెండవ లోపమును తగ్గించినవి.

ప్లాస్మా తెర దారి వేరు. 1964 లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున బిట్జర్, స్లాటో, విల్సన్ అనువారు బోధనకై ఏర్పడిన కంప్యూటరు కొరకు దీనిని నిర్మించిరి. ఇందు ప్రతి చుక్కయు వాయువు నింపిన చిన్న గది. అది తానే వెలుగును. కనుక నలుపు చిక్కగా ఉండెను. కాని విద్యుత్తు ఖర్చు ఎక్కువ. దీపకాంతితో నిండిన అంగడిలో ఎల్.సి.డి. ప్రక్కన వెలవెలబోయెడిది. ఎల్.సి.డి. ధరలు దిగజారగా, 2013 లో పానసోనిక్, 2014 లో శామ్‌సంగ్, ఎల్.జి. సంస్థలు ప్లాస్మాకు స్వస్తి చెప్పినవి.

స్వయముగా వెలుగు చుక్క అంతటితో అంతరింపలేదు. 1987 లో కోడక్ సంస్థలో టాంగ్, వాన్ స్లైక్ విద్యుత్తుచే వెలుగు కర్బన పదార్థపు పలుచని పొరలను వర్ణించిరి. ఇదియే ఓ.ఎల్.ఇ.డి. 2007 లో సోనీ 11 అంగుళముల ఓ.ఎల్.ఇ.డి. టెలివిజనును విక్రయించెను. ఇందు నలుపు కావలసినచోట చుక్క పూర్తిగా ఆరిపోవును. అయితే ప్లాస్మాయందువలెనే, కదలని బొమ్మ చాలకాలము నిలిచినచో దాని ముద్ర తెరపై మిగులవచ్చును.

ఇక ఎల్.ఇ.డి. అని అమ్మబడు ఇంటి టెలివిజను ఎల్.సి.డి. యే, వెనుక దీపము మాత్రమే ఎల్.ఇ.డి. క్యు.ఎల్.ఇ.డి. యును సాధారణముగా ఆ జాతిదే. పగటి వెలుతురు నిండిన గదికి, రోజంతయు వార్తలు నడుచు ఇంటికి ఎల్.సి.డి. జాతి అనుకూలము, దీపములార్పి సినిమాలు చూచువారికి ఓ.ఎల్.ఇ.డి. మేలు. అంగడి వెలుతురులో మెరసినదెల్ల ఇంటిలో మెరయదు. కొనువారు తమ గదిని తలచుకొని పైకము చెల్లించుట మంచిది.