కాలువ గట్టు మీద ఆదరణ



పరిచర్య మొదలుపెట్టిన కొత్తలో, బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లితో "అంతా మన మేలుకేనమ్మా" అనేశాము. ఆమె మావైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. దుఃఖంలో ఉన్నవారిని దేవుడు ఎలా ఆదరిస్తాడో మన ప్రాంత చరిత్రే మాకు కొంత నేర్పింది.

నాయుడుపేట నుండి తూర్పుగా సముద్రం వైపు వెళితే బకింగ్‌హాం కాలువ వస్తుంది. దాంట్లో కొంత భాగం ఆకలితో ఉన్నవారు తవ్వింది. 1876లో వానలు కురవలేదు. అది ధాత నామ సంవత్సరం గనుక పెద్దలు ధాత కరువు అన్నారు. 1878 వరకు సాగిన ఆ కరువులో మద్రాసు రాజధానిలో లక్షలమంది చనిపోయారు. కరువు వెంటే కలరా వచ్చింది.

ఆనాడు ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోదే. అక్కడ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉండేవారు. మిషనరీ కాకముందు సర్వే పని నేర్చినవారు. ఆయన సుమారు మూడున్నర మైళ్ల కాలువ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి పని, కూలి ఇచ్చారు. తెలుగు బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. పనివాళ్లు అలసి కూర్చున్నప్పుడు వాళ్లూ పక్కన కూర్చుని, భారం మోసేవారిని యేసు తన దగ్గరకు పిలిచిన సంగతి చెప్పేవారు.

చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. అన్నం కోసం విశ్వాసం అనే మాట రాకూడదని పదిహేను నెలలు ఆగారు. సాయం ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ సంఖ్యను మనం సంతోషంగా చెప్పుకుంటాము. అయితే ఆ కరువులో పోయినవారు తిరిగి రాలేదు. బిడ్డను పాతిపెట్టి మళ్లీ పలుగు పట్టిన తల్లికి 2,222 అనే లెక్క జవాబు కాదు. ఆ రోజుల్లో ఆమెకు దొరికిన ఆదరణ కూలి డబ్బు, గంజి, పక్కన కూర్చున్న ఒక మనిషి. దేవుని కనికరం ఆమె దగ్గరకు ఆ రూపంలోనే వచ్చిందని మేము నమ్ముతున్నాము.

లాజరును లేపబోతున్నానని యేసుకు తెలుసు. అయినా మరియ ఏడుస్తుంటే "ఏడవకు, ఇప్పుడే లేపుతాను" అనలేదు. ముందు ఆమెతో కలిసి ఏడ్చాడు.

ప్రియులారా, మీలో ఎవరైనా దుఃఖంలో ఉంటే, మీ కన్నీళ్లు అవిశ్వాసం కాదు. తక్కినవారమంతా ఈ వారం ఒక దుఃఖపు ఇంటికి వెళదాము. కారణాలు చెప్పవద్దు. కాస్త అన్నం తీసుకెళ్లి, పక్కన కూర్చుందాము.

సమస్తమైన ఆదరణకు కర్తయగు దేవుడు మిమ్మును ఓదార్చును గాక. ఆమేన్.