కోడిపందెపు బరి నుండి గగనానికి: ‘కాక్‌పిట్’ పద చరిత్ర

1940 డిసెంబరులో బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ వెలసిన నాటి నుండి విమాన పరిభాష ఈ నగరానికి ఇంటిమాట అయింది. రన్‌వే, హ్యాంగర్, కాక్‌పిట్ – ఇవన్నీ పామరులకు సైతం పరిచయమైన పదాలే. వీటిలో కాక్‌పిట్ కథ మిక్కిలి చిత్రమైనది.

కాక్ అనగా కోడిపుంజు. పిట్ అనగా గొయ్యి. పల్నాటి వీరగాథలోని కోడిపోరు ఎరిగిన తెలుగువారికి వేరే వివరణ అక్కరలేదు. మనం ‘బరి’ అనే దానినే ఆంగ్లేయులు కాక్‌పిట్ అన్నారు. యుద్ధవిమానాల ద్వంద్వపోరు కోడిపందేన్ని తలపించినందున ఆ పేరు వచ్చిందని చెప్పుట కద్దు. వినుటకు సొంపుగా ఉన్నదే గాని, పదం నడచిన దారి అది కాదు. అది సముద్రం మీదుగా వచ్చింది.

16వ శతాబ్ది చివరికే ఈ పదం ఆంగ్లంలో ఉంది. షేక్స్‌పియర్ ‘ఐదవ హెన్రీ’ ప్రస్తావనలో నాటకశాలనే ఈ పేరుతో పేర్కొన్నాడు. 18వ శతాబ్ది తొలినాళ్ళలో నావికులు దీనిని యుద్ధనౌకలోనికి తీసుకుపోయారు. నౌక అడుగుభాగాన, వెలుతురు చొరని ఇరుకు తావు అది. మామూలు దినాలలో చిన్న అధికారులకు బస. పోరు సాగేటప్పుడు క్షతగాత్రులకు చికిత్సాలయం. 1805లో ట్రఫాల్గర్ యుద్ధాన నెల్సన్ కన్నుమూసింది అక్కడే. ‘కాక్’ అనే చిన్న పడవ నుండి ఈ పదం పుట్టిందనే వాదమూ లేకపోలేదు. నిఘంటుకారులు మాత్రం కోడిపుంజు పక్షమే వహించారు.

ఇంగ్లండులో 1835 చట్టం కోడిపందేలను నిషేధించింది. ఆట పోయినా మాట నిలిచింది. చిన్న తెరచాప పడవలలో చుక్కాని పట్టేవాడు కూర్చుండే పల్లానికి ఆ పేరు సంక్రమించింది. తొలి విమానాలలో చోదకుని ఆసనమూ అటువంటి గుంటయే. పైలట్, రడ్డర్ పదాలను ఓడల నుండి గ్రహించినవారు దీనిని మాత్రం విడిచిపెడతారా? 1914 నాటికే విమాన పరిభాషలో ఇది చేరిపోయింది.

1951 ఆగస్టులో బెంగళూరులో ఎగిరిన హెచ్.టి.-2 శిక్షణ విమానానికి రూపశిల్పి వి.ఎం. ఘాట్గే. అందులో గురుశిష్యులు ఒకరి వెనుక ఒకరు కూర్చునేవారు. తరువాత తేజస్‌గా పేరొందిన యుద్ధవిమానాన్ని 2001 జనవరి 4న రాజీవ్ కోథియాల్ ఇక్కడి నుండే తొలిసారి ఎగురవేశారు. సూచికల చక్రాలకు బదులు తెరలు అమర్చిన తేజస్ ఆసనస్థానాన్ని ‘గ్లాస్ కాక్‌పిట్’ అంటారు. పారదర్శకమైన కప్పు క్రింద, నలుదిక్కులూ కానవచ్చేటట్లు చోదకుడు ఎత్తున కూర్చుంటాడు. పేరులో మాత్రం ఇంకా గొయ్యే ఉంది.