కట్టడమునకు సంవత్సరపు లెక్క

మన యింటి గోడపైనున్న విద్యుత్తు మీటరు బిల్లు కొరకు పుట్టినది. కట్టడముల గుణదోషములకు అదే సాక్ష్యమగుట మాత్రము ఇటీవలి సంగతి.

1882 సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కులోని పెర్ల్ వీధి కేంద్రము నుండి ఎడిసను విద్యుత్తు సరఫరా ప్రారంభించెను. దీపములు వెలిగినవి, వాడుకను కొలుచుటెట్లు? గాజుజాడీలో యశదలవణ ద్రావణము పోసి, రెండు యశదపు రేకులు ముంచిరి. ఇంటికి పోవు ప్రవాహములో స్వల్పభాగము దానిగుండా ప్రవహింపగా ఒక రేకు కరగి, ఆ లోహము రెండవదానిపై పేరుకొనెడిది. నెలనెలా కంపెనీ మనిషి వచ్చి, రేకులను కొనిపోయి త్రాసులో తూచెడివాడు. తూచినవాని మాట తప్ప గృహస్థునకు వేరాధారమేది? బుడాపెస్టులో గాంజ్ కర్మాగారపు ఇంజనీరు ఒట్టో బ్లాతి 1889లో తిరుగుబిళ్ల మీటరును రూపొందించెను. అట్టి మీటరు అంకెలను ఎవరైనను చదువవచ్చును.

చమురు చవుకగానున్నంత కాలము, ఈ కట్టడము ఎంత శక్తిని మ్రింగుచున్నదని అడిగినవారరుదు. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురు ఎగుమతులను బిగింపగా, కొలది నెలలలో ధర ఇంచుమించు నాలుగింతలైనది. గోడలు, కిటికీలు, పైకప్పులు విచారణకు వచ్చినవి. 2002 డిసెంబరులో ఐరోపా సమాఖ్య, కట్టడములకు శక్తి ధ్రువపత్రము లుండవలెనని సభ్యదేశములను శాసించెను.

ఆ పత్రమును నక్షా చూచి ఇవ్వవలెనా, మీటరు చూచి ఇవ్వవలెనా? నక్షాలో రాత్రి ఆర్పక వదలిన దీపములు కనబడవు. బ్రిటను రెండు విధములను ఉంచుకొన్నది. ఇల్లు అమ్మునపుడు లెక్కగట్టిన పత్రము చాలును. ఇంగ్లండు, వేల్సులలో ప్రజలు వచ్చిపోవు పెద్ద ప్రభుత్వ భవనములకు మాత్రము 2008 అక్టోబరు నుండి, మీటరు చూపిన సాలుసరి వాడుకపై తయారైన పత్రమును అందరికిని కనబడునట్లు తగిలింపవలసి వచ్చినది. ఈ రెండవదే మేలని మా యభిప్రాయము.

మన దేశమున 2001లో ఇంధన పొదుపు చట్టము వచ్చినది. 2009లో కార్యాలయ భవనములకు నక్షత్రముల పథకము మొదలైనది. మే నెల వాడుక వేరు, డిసెంబరు వాడుక వేరు. కావున పండ్రెండు నెలల యూనిట్లను కూడి, కట్టడపు చదరపు మీటర్లతో భాగింపవలెను. డీజిలు జనరేటరు యూనిట్లును కలుపవలెను. వాహనములు నిలుపు చోటు విస్తీర్ణములో చేరదు. హైదరాబాదు మిశ్రమ శీతోష్ణ మండలములోనిది. అట్టి మండలమున, సగమునకు మించి ఏసీలున్న భవనమునకు తొలి పట్టిక ప్రకారము 90 లోపు వచ్చిన ఐదు నక్షత్రములు. 190 దాటిన ఒక్కటియు లేదు.

పదివేల చదరపు మీటర్ల భవనము ఏటా పదునైదు లక్షల యూనిట్లు వాడినదనుకొందము. భాగింపగా 150, అనగా రెండు నక్షత్రములు. అందులో జనరేటరు ఇచ్చిన రెండు లక్షలను విడిచినచో 130 అయి, మూడవ నక్షత్రము దక్కును! పరీక్షకు వచ్చిన అధికారి కరెంటు బిల్లుల కంటె ముందు జనరేటరు గదిలోని పుస్తకమును అడుగుట మంచిది.