ఋతుపర్ణుని విద్యయు, ఇరవయ్యొకటి ఆటయు



గడచిన వేసవిలో ఒకనాటి సాయంకాలమున నా పూర్వశిష్యుడొకడు మా యింటికి వచ్చెను. వాని చేతిలో రెండు వస్తువు లుండెను. ఒకటి క్రొత్త పేకకట్ట. రెండవది స్టాంపు కాగితముపై వ్రాయించిన తాకట్టు పత్రము. తండ్రి మిగిల్చిన ఎకరమున్నర మాగాణిని తాకట్టుపెట్టి రెండులక్షల రూపాయలు తీసికొని, గోవాకు పోయి, అచట మాండవీనదిపై నిలిచియుండు జూదపు నౌకలలో 'బ్లాక్‌జాక్' అను ఇరవయ్యొకటి ఆట ఆడి ధనము గడింపవలెనని వాని సంకల్పము. ఆ పత్రముపై సాక్షిగా నా సంతకము కావలెను. "ఇది జూదము కాదు మాస్టారూ, లెక్క. ఋతుపర్ణుని అక్షహృదయము మీరే కదా మాకు పాఠము చెప్పినారు!" అని వాడు నన్నే నాకు ప్రమాణముగా చూపెను.

నలోపాఖ్యానమును ముప్పది యేండ్లు బోధించినవాడను. కాదనుటకు వెంటనే నోరాడలేదు. "నాయనా, పదునైదు దినములు గడువిమ్ము. నేనును నేర్చి చూచెదను" అంటిని. వాడు పేకకట్టను, పత్రమును నా యొద్దనే విడిచి పోయెను. ఆ పదునైదు దినములలో నేను తెలిసికొన్న చరిత్రను నేడు మీకు విన్నవించెదను.

ముందుగా ఋతుపర్ణుని మాట. దమయంతి రెండవ స్వయంవరమని విని అయోధ్యాధిపతియైన ఋతుపర్ణుడు విదర్భకు రథమెక్కి పోవుచుండెను. సారథి బాహుకుడు, అనగా మారురూపమున నున్న నలుడు. దారిలో నొక తాండ్రచెట్టు కనబడగా రాజు దానిని చూచినంతనే రెండు కొమ్మలయందు అయిదుకోట్ల ఆకులును, 2095 కాయలును గలవని చెప్పెను. నలుడు ఊరకే నమ్మలేదు. రథమాపి, చెట్టు నరికి, కాయలు లెక్కించి చూచెను. లెక్క సరిపోయెను. అప్పుడు తన అశ్వహృదయము నిచ్చెదనని పలికి, రాజునొద్ద అక్షహృదయమును, సంఖ్యాశాస్త్రమును గ్రహించెను. కలి వాని దేహమును విడిచి పోయినది కూడ ఆ క్షణముననే.

జూదమునకును చెట్టుకాయల లెక్కకును సంబంధమేమి యని మా బాల్యమున గురువుల నడిగినచో కసరెడివారు. సంబంధము గలదు. పూర్వకాలమున పాచికలు తాండ్రకాయలే. రాశిలోనుండి పిడికెడు కాయలు పట్టి లెక్కింపగా నాలుగేసి చొప్పున శేషము లేక పోయిన కృతము, మూడు మిగిలిన త్రేత, రెండు మిగిలిన ద్వాపరము, ఒకటి మిగిలిన కలి యని వైదిక వాఙ్మయ పరిశోధకులు వివరించిరి. మన యుగములకు గల పేర్లు జూదములోని పేర్లే! అట్టి ఆటలో చూచినంతనే లెక్కించువాడు గెలుచుట వింత కాదు. కావున నా శిష్యుని ఉపమానము పూర్తిగా త్రోసివేయదగినది కాదని నాకు తోచెను.

ఇక ఇరవయ్యొకటి ఆట. ఇది మన పెండ్లి విడిదులలో సాగు రమ్మీ వంటిది కాదు. దీని పూర్వరూపము ఐరోపాలో పుట్టినది. స్పెయిను దేశపు రచయిత సెర్వాంటిసు 1613లో ప్రకటించిన కథలలో నొకదానియందు దీని ప్రస్తావన గలదు. ఫ్రాన్సు మీదుగా అమెరికాకు చేరి, 1931లో నెవాడా రాష్ట్రము జూదమును చట్టబద్ధము చేసిన పిమ్మట అచటి జూదశాలలలో స్థిరపడెను. బొమ్మముక్కలు మూడింటికిని పదేసి విలువ. ఆసునకు ఒకటి గాని పదునొకటి గాని. తక్కినవానికి వాని అంకెయే విలువ. ఇరవయ్యొకటికి దగ్గరగా పోవలెను, దాటరాదు. ఆటగాడు ఇష్టమున్నంతవరకు ముక్కలు అడుగవచ్చును. జూదశాల తరఫున పంచువానికి మాత్రము ఆ స్వేచ్ఛ లేదు. పదునారు వరకు తీసికొనవలెను, పదునేడున ఆగవలెను. మరి జూదశాలకు లాభ మెచటినుండి? ఆటగాడు ముందుగా ఆడి ఇరవయ్యొకటి దాటినచో వాని పందెము అప్పుడే పోవును. తరువాత పంచువాడును దాటినను అది తిరిగి రాదు. రహస్యమంతయు ఇంతియే.

1956లో మేరీలాండులోని అబర్డీను సైనిక పరీక్షాస్థానమున పనిచేయుచుండిన బాల్డ్విను, కాంటీ, మైసెలు, మక్‌డెర్మటు అను నలుగురు, బల్లపై నుంచు మామూలు గణనయంత్రములతో ఈ ఆటను లెక్కించి, ఏ సందర్భమున ముక్క అడుగవలెనో, ఎప్పుడు ఆగవలెనో అమెరికా సంఖ్యాశాస్త్ర పత్రికలో ప్రకటించిరి. వారు చెప్పినట్లు ఆడినచో జూదశాల ఆధిక్యము నూటికి ఒకటికన్న తక్కువకు దిగును. కాని పోదు.

దానిని పోగొట్టినవాడు ఎడ్వర్డు థార్పు అను గణితాచార్యుడు. ఈతని బుద్ధికి తట్టినది చూడుడు. పాచికకు జ్ఞాపకము లేదు. ఇప్పుడు ఆరు పడినందున తరువాతి వేటులో ఆరు పడుట తగ్గదు, హెచ్చదు. పేక అట్టిది కాదు. బయటపడిన ముక్క, కట్ట మరల కలుపువరకు తిరిగి రాదు. కావున మిగిలిన కట్ట స్వభావము క్షణక్షణమునకు మారును. నాలుగు ఐదులును పోయిన కట్టయందు ఆధిక్యము ఆటగానికి నూటికి మూడింటికి పైగా వచ్చునని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయములోని ఐబీఎం 704 యంత్రమున అతడు లెక్క తేల్చెను. పదులును ఆసులును అధికముగా మిగిలిన కట్ట ఆటగానికి మేలు. చిన్నముక్కలు అధికముగా మిగిలిన కట్ట జూదశాలకు మేలు. మేలైనప్పుడు పందెము పెంచవలెను, కానప్పుడు తగ్గింపవలెను.

1961లో వెలువడిన ఈ వ్యాసమును జాతీయ విజ్ఞానపరిషత్పత్రికకు పంపించినవాడు సమాచారసిద్ధాంతకర్తయైన క్లాడు షానను. థార్పు పెట్టిన శీర్షికలో 'గెలుపు' అను అర్థమిచ్చు మాట యుండగా, దానిని తీసి 'అనుకూలమైన విధానము' అని మార్చుమని షానను సూచించెనట. ఇది థార్పు తానే చెప్పుకొన్న ముచ్చట. శబ్దమునకు విలువ తెలిసిన నాబోటివానికి ఈ మార్పు ఎంతో నచ్చినది. అనుకూలము వేరు, గెలుపు వేరు. ఈ భేదమును నా శిష్యునకు ఎట్లు చూపుదునా యని అప్పుడే ఆలోచింప మొదలిడితిని.

అదే సంవత్సరము ఇద్దరు ధనికులు మదుపు పెట్టగా థార్పు నెవాడాకు పోయెను. వారు లక్షడాలర్లు ఇత్తుమనగా అతడు పదివేలు చాలుననెను! ఇంచుమించు 30 గంటల ఆటలో పదివేలు ఇరువదియొక్క వేలయ్యెను. 1962లో అతని గ్రంథము వెలువడి వేలకొలది అమ్ముడుపోయెను. మరుసటి యేడు హార్వీ డబ్నరు అను నతడు లెక్కను సులభము చేసెను. రెండు మొదలు ఆరు వరకు గల ముక్క కనబడిన ఒకటి కలుపుము. పది, బొమ్మ, ఆసు కనబడిన ఒకటి తీసివేయుము. ఏడు, ఎనిమిది, తొమ్మిదులను విడిచిపెట్టుము. అంతే. ముక్కలన్నియు జ్ఞాపకముంచుకొన వలెనని లోకులనుకొనుట పొరపాటు. మనస్సులో ఒక్క అంకె నిలిపిన చాలును.

ఒక్క అంకెయే కదా యని నేనును వీథి అరుగుపై చాపవేసికొని కూర్చుంటిని. కలిపేవి 20, తీసివేసేవి 20, విడిచేవి 12. కావున 52 ముక్కలు ముగియునప్పటికి సున్న రావలెను. మొదటి దినమున మూడు నిమిషములు పట్టినది, తుదకు నాలుగు వచ్చినది! ఈ విద్యయందు ఆరితేరినవారు అరనిమిషములో కట్ట ముగింతురు. అదియు చుట్టును గోల, ఎదుట పంచువాడు, పైన నిఘా కన్ను ఉండగా, పెదవి కదల్పక. వారమునాటికి నాకు నిమిషమునకు దిగినది. మా యింటివారు మజ్జిగ తెచ్చి "ఈ వయస్సులో ఇదేమి పారాయణము?" అనగానే అంకె జారిపోవుచుండెను. మరల మొదలు.

జూదశాలలవారు ఊరకుందురా? 1964 ఏప్రిలులో లాస్‌వెగాసు జూదశాలలు నిబంధనలు బిగించినవి. ఆటగాండ్రు అలిగి రాకుండుటచే కొలది కాలమునకే సడలింపక తప్పలేదు. కాని తరువాత మెల్లగా చేయవలసినదంతయు చేసినవి. ఒక కట్టకు మారుగా నాలుగు, ఆరు, ఎనిమిది కట్టలు కలిపి ఆడించుట. సగములోనే మరల కలుపుట. ఎడతెగక కలుపుచుండు యంత్రములను పెట్టుట. ఆసును పదివిలువ ముక్కయు కూడిన మొదటి చేతికి పూర్వము రెండింటికి మూడు చొప్పున ఇచ్చెడివారు. పెక్కుచోట్ల నిప్పుడు అయిదింటికి ఆరే యిచ్చుచున్నారు. ఈ ఒక్క మార్పే జూదశాలకు నూటికి ఒకటికన్న ఎక్కువ తెచ్చిపెట్టును, ఎంతో శ్రమపడి లెక్కపెట్టువాడు సంపాదించు ఆధిక్యము దానికే సరి. లెక్కపెట్టువానిని గుర్తించినచో నెవాడాలో బయటికి పొమ్మందురు. న్యూజెర్సీలో మాత్రము కెన్ అస్టను అను ఆటగాని వ్యాజ్యమున, అట్లు వెళ్లగొట్టుటకు జూదశాలలకు అధికారము లేదని 1982లో అచటి సర్వోన్నతన్యాయస్థానము తీర్పుచెప్పెను. బుద్ధిని వాడుట దొంగతనము కాదు కదా! ఆ తీర్పు న్యాయమైనదనియే నా యభిప్రాయము.

గడువు దినమున శిష్యుడు వచ్చి మరియొక వాదము కూడ తెచ్చెను. 1967లో సికింద్రాబాదు క్లబ్బు వ్యాజ్యమున సుప్రీంకోర్టు రమ్మీని నేర్పుగల ఆట యన్నదట. నిజమే. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనవలసి యుండుటయే అందుకు న్యాయమూర్తులు చెప్పిన కారణములలో నొకటి. మూడుముక్కలాట వంటిది కాదనిరి. కాని ఇంటి యజమాని ఆటవలన లాభము తీయుచున్నచో నేరము కావచ్చునని అదే తీర్పులో గలదు. ఆ వాక్యము మావాడు చదువలేదు. తరువాత 2017లో తెలంగాణమును, 2020లో ఆంధ్రప్రదేశమును చట్టములు సవరించి ఆన్‌లైనులో ధనమొడ్డి ఆడు రమ్మీని సైతము నిషేధించినవి.

నేను వాదింపలేదు. పలకయు సుద్దయు తీసితిని. "నీవు తప్పులేక లెక్కింతువనుకొందము. నూటికి ఒకటి నీకు అనుకూలము. చేతికి నూరు రూపాయలు ఒడ్డితివి. వేయి చేతులకు రావలసినదెంత?" "వేయి రూపాయలు." "వేయి చేతులాడుటకు పదునాలుగు పదునైదు గంటలు. ఆ లోపల అదృష్టము ఇటునటు ఊగు ఊపు ఎంత?" వానికి తెలియదు. ఇంచుమించు మూడువేల ఆరునూర్లు. అనగా ఇట్లు నిర్దోషముగా ఆడినవారు పదిమంది యుండిన, వారిలో దాదాపు నలుగురు నష్టముతోనే లేచెదరు. వాడు పలకను చాలసేపు చూచెను.

1956లోనే బెల్ ప్రయోగశాలకు చెందిన కెల్లీ అను నతడు పందెపు పరిమాణమునకు సూత్రము చెప్పియుండెను. థార్పు దానినే అనుసరించెను. నూటికి ఒకటి అనుకూలమున్నప్పుడు మూలధనములో నూటికి ఒకటికి మించి ఒడ్డుట క్షేమము కాదు. రెండులక్షలలో అది రెండువేలు; ఆ చేతిపై సగటున వచ్చునది ఇరువది రూపాయలు. అట్టి అనుకూలపు చేతులు కొన్నియే, తక్కినవి ప్రతికూలములు. దారిబత్తెము, బస, నౌకలోనికి ప్రవేశరుసుము, తాకట్టుపై వడ్డీ వేరు. "థార్పు పోగొట్టుకొనదగిన సొమ్ముతో, అదియు ఒరుల సొమ్ముతో ఆడెను నాయనా. నీ సొమ్ము వరి పండుచున్నది" అంటిని.

వాడు మారుపలుకక పేకకట్ట అందుకొని, "నేను లెక్కింతును, మీరు చూడుడు" అని అరుగుపై ఒక్కొక్క ముక్కయే వేయసాగెను. చురుకైనవాడు, నాకన్న త్వరగా ముగించెను. తుదకు సున్న రాలేదు, ఒకటి వచ్చెను. మరల లెక్కించెను. ఒకటి. ముమ్మారు ఒకటే వచ్చునప్పటికి వాని ముఖము చిన్నబోయెను. నాకు మాత్రము సందేహము గలిగి, విలువలు విడిచి ముక్కలనే ఎంచుమంటిని. 51 ఉండెను.

"వాని లెక్క తప్పలేదు, పోయిన ముక్క పదియో, బొమ్మయో, ఆసో అయి యుండవలెను" అంటిని. ఇల్లంతయు వెదకితిమి. నలుడు చెట్టు నరికి చూచినట్లు మేమును చాపలు, పెట్టెలు ఎత్తి చూచితిమి. చివరకు మా మనుమరాలి లెక్కల పుస్తకములో, చదివినచోట గుర్తుగా పెట్టిన ఆటీను రాణి దొరకెను. వాడు నవ్వి, దానిని కట్టలో కలిపి, తాకట్టు పత్రమును మడిచి జేబులో పెట్టుకొని లేచెను. పేకకట్టను మాత్రము మా యరుగుమీదనే విడిచిపోయెను. నేడును ఎక్కాలు రానప్పుడు మనుమరాలు దానితోనే కలుపుట, తీసివేయుట నేర్చుకొనుచున్నది.