టూటంఖామను సింహాసనము: నామలేఖనము

హోవార్డు కార్టరు 1922వ సంవత్సరమునఁ గనుఁగొనిన టూటంఖామను సమాధియందలి స్వర్ణసింహాసనముపై రాజనామము రెండు విధములఁ గానవచ్చుచున్నది. టూటంఖాటె నని యొకటి, టూటంఖామ నని మఱియొకటి. 'టూట్' ప్రతిమ, 'అంఖ్' సజీవము. ఆమనుని సజీవప్రతిమ యని తాత్పర్యము. ఆటెనుమతము తొలఁగి యామనుపూజ పునఃప్రతిష్ఠిత మైనను పూర్వనామ మీ పీఠమున నిలిచియే యున్నది. వెనుకపలకపై రాజదంపతులమీఁద హస్తాగ్రములగు కిరణములను బఱపుచు నాటెనుబింబమును గలదు. ఒక్క నామమును మాత్రమే చూచి కాలనిర్ణయము చేయుట సాహసము.

ఈ నామములు త్రాటిముడిఁ బోలు దీర్ఘవలయమున లిఖింపఁబడును. అందు దేవతాపదము ముందు వ్రాయఁబడియుఁ బఠనమునఁ దుదకు వచ్చును. సంస్కృతమున ద్వంద్వసమాసమం దభ్యర్హితమునకుఁ బూర్వనిపాతము కలదు. కాని యది యుచ్చారణమునఁ గూడ నట్లే యుండును. ఐగుప్తీయుల యీ గౌరవము లిపికే పరిమితము. వ్రాసిన వరుసనే చదివినచో టూటంఖామను 'ఆమన్‌టూటంఖు' డగును.