మోటారుకారులో పాటలపెట్టె



రాజుల చరిత్రయు, యుద్ధముల చరిత్రయు మనము చిరకాలముగా చదువుచున్నాము. పనిముట్ల చరిత్రను చదువుట మాత్రము అరుదు. నేడు నేను మీకు చెప్పదలచినది ఒక చిన్న పనిముట్టు చరిత్ర. అది మోటారుకారులో పాటలు పాడు పెట్టె. పెద్ద కర్మాగారములవారు దానిని ఇంకను అంగడికి తేకమునుపే కొందఱు సామాన్యులు తమ యింటి బల్లలమీద, తమ చేతులతో దానిని కట్టుకొనిరి. ఇది 1998వ సంవత్సర ప్రాంతమున ఇంగ్లండు, అమెరికా మున్నగు దేశములలో జరిగిన పని. వినవలసిన పాటను ఎన్నుకొను అధికారము ఎవరిది? కొన్న వస్తువును విప్పి బాగుచేసికొను హక్కు ఎవరిది? ఈ రెండు ప్రశ్నలును ఆ పెట్టెలో ఇమిడియున్నవి. కావుననే ఈ కథ వినదగినదని నా యభిప్రాయము.

కారులో సంగీతము 1930వ సంవత్సరమున నిలద్రొక్కుకొన్నది. అమెరికాలో గాల్విన్ సోదరులైన పాల్, జోసెఫ్ అనువారు కారులో అమర్చదగిన రేడియోను ఆ యేట తయారుచేసి, దానికి మోటరోలా అని పేరు పెట్టిరి. పాల్ గాల్విన్ దానిని తన కారులోనే బిగించుకొని అట్లాంటిక్ సిటీలో జరిగిన రేడియో తయారీదారుల సమావేశమునకు పోయి, వెలుపల నిలిచి వచ్చుపోవువారికి వినిపించెను. రేడియో మంచిదే. కాని రేడియోలో వచ్చినది మనము వినవలెనే గాని, మనము కోరినది అందు రాదు. రేడియోలో మాటలాడుచు నేనే యిట్లనుట వింతగా తోచవచ్చును. అయినను సత్యము సత్యమే.

కోరిన పాటను కారులో వినవలెనను తలంపుతో క్రైస్లర్ కంపెనీవారు 1956వ సంవత్సరపు కార్లలో గ్రామఫోనునే అమర్చిరి. దానిని కల్పించినవాడు పీటర్ గోల్డ్‌మార్క్ అను శాస్త్రజ్ఞుడు. ఏడంగుళముల ప్లేటు నిమిషమునకు పదునాఱు చుట్లకు కొంచెము మించి తిరుగుచు, ఒక్కొక్క వైపు సుమారు ముప్పాతిక గంట పాడునట్లు ఏర్పఱచిరి. కాని ఆ ప్లేట్లు వేఱొక యంత్రముమీద పాడవు. వేఱు ప్లేట్లు ఆ యంత్రముమీద పాడవు. కొలది యేండ్లలోనే ఆ యేర్పాటు మూలబడెను. 1965లో ఫోర్డు కంపెనీవారు తమ క్రొత్త కార్లలో ఎనిమిది జాడల టేపును అందజేసిరి. అందు టేపు ఎడతెగక ముందునకు తిరుగవలసినదే గాని వెనుకకు తిరుగదు. ఒక్కొక్కప్పుడు పాట నడుమనే జాడ మాఱెడిది. 1963లో ఫిలిప్స్ కంపెనీవారు బెర్లిన్ ప్రదర్శనములో చూపిన చిన్న క్యాసెట్టు దానిని క్రమముగా వెనుకకు నెట్టెను. మన పల్లెలకును వచ్చిన క్యాసెట్టు అదియే. 1982లో సీడీ వెలువడగా, 1984లో దానిని కారులో వాయించు యంత్రములు అంగడికి వచ్చెను. సీడీ గుంటల బాటలో ఉలిక్కిపడెడిది. డెబ్బది నిమిషముల పాట కాగానే దానిని తీసి వేఱొకటి పెట్టవలెను. బండి తోలువాడు బాటను చూచునా, పళ్లెమును వెదకునా?

ఈ చిక్కును విడదీయుటకు మూడు వేర్వేఱు తావులనుండి మూడు సాధనములు కూడివచ్చెను.

మొదటిది ఎంపీత్రీ అను పద్ధతి. ఇది జర్మనీలోని ఎర్లాంగెన్ నగరమున ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో రూపొందినది; కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ అనువాడు ఆ పనిలో ప్రముఖుడు. సీడీమీద పాట ఒక సెకనుకు 14 లక్షల 11 వేల చిహ్నములుగా వ్రాయబడియుండును. ఇంత భారము అవసరమా? తప్పెట మ్రోగు క్షణమున ప్రక్కనున్న చిఱుగంట సవ్వడి మన చెవి నందుకొనదు. చెవి అందుకొనని దానిని వ్రాయనేల? ఇట్టి విచారణచే వినబడని భాగములను విడిచి, వినబడు భాగములను మాత్రమే పొదుపుగా వ్రాయు పద్ధతిని వారు సాధించిరి. సుజాన్ వేగా యను గాయని వాద్యములు లేకుండ ఒంటిగొంతుతో పాడిన పాటను మాటిమాటికి వినుచు, ఆ గొంతు చెడకుండునంతవఱకు బ్రాండెన్‌బర్గ్ తన లెక్కలను దిద్దుకొనెను. తుదకు సెకనుకు ఒక లక్ష 28 వేల చిహ్నములు చాలునని తేలెను. అనగా భారము పదునొకండవ వంతునకు దిగినది. 1995 జూలైలో ఈ వ్రాతకు ఎంపీత్రీ యను పొట్టిపేరు నిశ్చయింపబడెను.

రెండవది హార్డ్‌డిస్కు. 1956లో ఐబీఎం కంపెనీవారు తెచ్చిన మొదటి డిస్కు యంత్రములో ఇరువదినాలుగంగుళముల పళ్లెములు ఏబది యుండెను. అంత పెద్ద బీరువాలో పట్టినది 50 లక్షల అక్షరములు. నలువది యేండ్లు నిండకమునుపే, చేసంచిలో పట్టు కంప్యూటరులకొఱకు రెండున్నర యంగుళముల డిస్కులు వచ్చెను. అట్టి దానిలో 600 కోట్ల అక్షరములు పట్టినచో, ఎంపీత్రీ లెక్కను నూఱు గంటలకు మించిన సంగీతము అందు నిలుచును. ఎనుబది సీడీల పాట అరచేతిలో ఇమిడినట్లయినది.

మూడవది లినక్స్ అను కంప్యూటరు నడపు సూత్రావళి. 1991లో హెల్సింకి నగరమున లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి దానిని ప్రారంభించి, దాని మూలమును అందఱకు విప్పి యిచ్చెను. ఎవరైనను దానిని చదువవచ్చును, మార్పవచ్చును, తమ యంత్రమునకు తగినట్లు కత్తిరించుకొనవచ్చును. ధరయు లేదు, అడుగవలసిన అనుమతియు లేదు.

ఈ మూడింటిని కూర్చి కారులో పెట్టుట చెప్పినంత సులువు కాదు. ఇంటి కంప్యూటరు కదలనిచోట, చల్లని నీడను, ఒక్కతీరు విద్యుత్తుతో బ్రదుకునది. కారు దానికి పుట్టినిల్లు కాదు. ఇంటిపనివారు ఎదుర్కొన్న కష్టములను ఒక్కొక్కటిగా చెప్పెదను.

మొదటి కష్టము విద్యుత్తు. కారు బ్యాటరీ పేరునకు 12 వోల్టులది. ఇంజను నడుచునప్పుడు అది పదునాలుగునకు ఎగబ్రాకును. ఇంజనును కదలించు మోటారు తిరుగు క్షణమున పదికిని దిగువకు పడును. ఆ క్షణముననే కంప్యూటరు స్పృహ తప్పి మరల మొదటినుండి మేల్కొనును. కావున ఎగుడుదిగుడులను సరిచేసి నిలుకడగా అయిదును, పండ్రెండును వోల్టుల నందించు మార్పిడి పెట్టెను నడుమ నుంచిరి. అట్లే తాళముచెవి త్రిప్పి ఇంజను నాపినంతనే విద్యుత్తు తెగిపోయినచో, వ్రాయుచున్న డిస్కు చెడిపోవచ్చును. అందుకై తాళము త్రిప్పిన పిదపను కొన్ని క్షణములు విద్యుత్తు నిలిపి, యంత్రము తన పని ముగించుకొనిన తరువాతనే విడుచు రిలేను అమర్చిరి.

రెండవ కష్టము కుదుపు. డిస్కుమీది పళ్లెము నిమిషమునకు నాలుగువేలకు పైగా చుట్లు తిరుగుచుండగా, చదువు శిరస్సు దానిని తాకక గాలిపొరమీద తేలుచుండును. ఆ యెడము వెండ్రుక మందములో వెయ్యవ వంతు. గట్టి కుదుపు తగిలి శిరస్సు పళ్లెమును గీచెనా, అక్కడి పాట మరి రాదు. అందుచే పనివారు డిస్కును రబ్బరు దిమ్మలపై ఊయలవలె కూర్చుండబెట్టిరి. అంతకంటె మంచి ఉపాయము వేఱొకటి కలదు. కొన్ని నిమిషముల పాటను ఒకేమాఱు చదివి జ్ఞాపకపు చిప్పలలో దాచి, అది పాడునంతసేపు డిస్కును నిద్రపుచ్చుట. నిద్రించు డిస్కు కుదుపునకు అంతగా చెడదు, వేడియు తగ్గును.

మూడవ కష్టము సంగీతములో చొరబడు రొద. ఇంజనుతో పాటు విద్యుత్తును పుట్టించు యంత్రము తిరుగుచుండును. పాటలపెట్టెకును, స్టీరియోకును భూమితీగ వేర్వేఱు చోట్ల బిగించినచో ఆ యంత్రపు కూత పాటలో వినవచ్చును. కారు వేగము హెచ్చినకొలది ఆ కూతయు హెచ్చును. రెంటి భూమితీగలను ఒక్కచోటికి చేర్చుటయే దానికి మందు. పాత స్టీరియోలో బయటి పాటను స్వీకరించు రంధ్రము లేనివారు, తీగ గల ఉత్తుత్తి క్యాసెట్టును లోన పెట్టి దానిద్వారా పాటను పంపిరి.

కేంబ్రిడ్జి నగరమున హ్యూగో ఫైన్స్ అను ఆంగ్లేయుడు ఇట్లే సామాన్య కంప్యూటరు భాగములతో తన కారు కొఱకు ఒక పెట్టె కట్టుకొనెను. దానిని చూచినవారు మాకును కావలెనని అడుగసాగిరి. అతడు 1998లో ఎంపెగ్ అను చిన్న కంపెనీని స్థాపించి, 1999లో దానిని అమ్మకమునకు తెచ్చెను. అది కారు రేడియో యుండు రంధ్రములోనే సరిగా ఇమిడెడిది. దొంగల భయమున్నచోట బయటికి లాగి చేతబట్టుకొని పోవచ్చును. లోపల లినక్స్ నడచెడిది. రెండు చిన్న డిస్కులకు చోటుండెను. ఇంటిపనివాని బల్లమీద పుట్టిన వస్తువు ఇట్లు అంగడికి వచ్చినది. జేబులో పట్టు పెద్ద కంపెనీ యంత్రమైన ఐపాడ్ లోకమునకు తెలిసినది 2001 అక్టోబరులో గాని కాదు.

ఇదేకాలమున అమెరికాలో ఒక వ్యాజ్యము నడచినది. డైమండ్ కంపెనీవారు రియో యను చిన్న ఎంపీత్రీ యంత్రమును 1998లో అమ్మబూనగా, సంగీతపు రికార్డుల కంపెనీల సంఘము దానిని ఆపింపవలెనని న్యాయస్థానమున కెక్కెను. 1999 జూన్‌లో అప్పీలు న్యాయస్థానము ఆ సంఘమునకు ప్రతికూలముగా తీర్పు చెప్పెను. తనయొద్ద నున్న పాటను తాను వేఱొకచోట వినుటకై మార్చుకొనుట స్వంత వినియోగమే యని ఆ తీర్పున భావింపబడినది. ఇతరుల పాటను దొంగిలించి పంచుట వేఱు. ధర యిచ్చి కొన్న పాటను తన బండిలో వినుట వేఱు. రికార్డుల కంపెనీలకును తమ న్యాయమొకటి కలదు. పాడినవానికి కూలి ముట్టవలెను. కాని ఆ రెంటిని ఒకే గాట కట్టుట తగదని నేనును తలంచుచున్నాను.

ఎంపెగ్ కథ సుఖాంతము కాదు. 2000వ సంవత్సరమున సోనిక్‌బ్లూ అను అమెరికా కంపెనీ దానిని కొనెను. మఱుసటి యేటనే ఆ పెట్టెల తయారీ నిలిచిపోయెను. 2003లో సోనిక్‌బ్లూయే దివాలా తీసెను. సామాన్యముగా అంగడి మూతపడినచో వస్తువును చచ్చినట్లే యెంతురు. ఇక్కడ అట్లు జరుగలేదు. లోపలి లినక్స్ మూలము అందఱకు తెఱచియుండుటచే, పెట్టెలు కొన్నవారే దానిని దిద్ది క్రొత్త సౌకర్యములు చేర్చుకొనిరి. చిన్న డిస్కులు తీసి పెద్దవి పెట్టుకొనిరి. తయారుచేసినవాడు పోయిన పిమ్మటను వస్తువు బ్రదికినది. ఏలయన, దాని గుట్టు వాడుకొనువారికి తెలిసియుండెను. మన పల్లెలో వడ్రంగి చేసిన నాగలిని వేఱొక వడ్రంగి బాగుచేయగలుగుట యిట్టిదే.

నేడు పాట చాలవఱకు దూరమునున్న యంత్రములనుండి ఫోనునకు వచ్చుచున్నది. నెలనెలకు రుసుము చెల్లించినంతకాలము లక్షల పాటలు మనవి. చెల్లింపు ఆగిననాడు ఒక్కటియు మనది కాదు. సౌకర్యము హెచ్చినది, స్వామ్యము తగ్గినది. ఈ మార్పును నిందింపను. కాని దాని నెఱిగి వాడుకొనవలెనని మాత్రము చెప్పుదును.

మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రము 1938 జూన్ 16వ తేదీన వెలసినది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన వెలసినది. తొలినాళ్ల ప్రసారములలో హెచ్చుభాగము అప్పటికప్పుడు పలికి గాలిలో కలిసినవే. వానిని మనము మరల వినజాలము. కాని మీ యిండ్లలో క్యాసెట్టులు కలవు. ఊరి హరిదాసు చెప్పిన కథయో, గతించిన తల్లి పాడిన మంగళహారతియో వానిలో నుండును. క్యాసెట్టు టేపు ఏండ్లు గడచినకొలది క్షీణించును. దానిని కంప్యూటరు వ్రాతలోనికి మార్పించుడు. అయితే ఒక్క డిస్కును నమ్మకుడు. పై చెప్పిన వెండ్రుకలో వెయ్యవ వంతు యెడమును తలంచుకొనుడు. రెండు ప్రతులు చేయించి రెండిండ్ల దాచుడు. ఒకటి పెద్దకొడుకు ఇంట నుండిన, రెండవది కూతు రింట నుండవలెను. ఆ పని తెలిసిన కుఱ్ఱవాడు మీ యూరిలోనే యుండును. వానిచే చేయించునపుడు ప్రక్కన కూర్చుండి ఆ కంఠము ఎవరిదో, ఏ యేట ఏ సందర్భమున పాడినదో వానిచేత వ్రాయింపుడు. ఆ సంగతి తెలిసినవారు మీరే.