వాల్వు స్ప్రింగు పూర్వకథ

పందెపు కార్ల చరిత్రను వ్రాయువారు పిస్టనును, కార్బురేటరును పొగడుదురే గాని, కామ్‌షాఫ్టు తెఱచిన వాల్వును మరల మూయుటకై నిరంతరము శ్రమించు చిన్న ఉక్కుచుట్టను స్మరించువారు అరుదు. ఇంజను నిమిషమునకు 6000 మార్లు తిరుగునపుడు ప్రతి స్ప్రింగును గంటకు 1,80,000 పర్యాయములు అణగి లేవవలసియుండును; వేగము మఱింత హెచ్చినచో చుట్టలయందే ప్రకంపనము పుట్టి, వాల్వు కామ్ అదుపును దాటి, తుదకు పిస్టనునకు తగులుటయు గలదు. ఉక్కులోని సూక్ష్మమలినములును, ఉపరితలమందలి గీఱలును పగుళ్లకు బీజములగుచుండెను. కావుననే నార్టన్ మోటారుసైకిళ్లవారును, తొలినాళ్ల ఫెరారీవారును జడపిన్ను ఆకృతిగల స్ప్రింగులను ఆశ్రయించిరి. 1954లో మెర్సిడెస్ సంస్థ, డబ్ల్యు 196 కారునందు స్ప్రింగునే పరిత్యజించి, వాల్వును మూయుటకును వేఱొక కామ్‌నే నియోగించి, రీమ్స్‌లో జరిగిన ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో మొదటి రెండు స్థానములను గైకొనెను. ఆ పద్ధతిని మోటారుసైకిళ్లలో నిలిపినవాడు డుకాటీ ఇంజనీరు ఫాబియో టాల్యోని. 1986లో రెనో ఇంజనీర్లు ఫార్ములా వన్‌లో ఉక్కుకు మాఱుగా పీడితవాయువును నిలిపిరి.

ఇవన్నియు ధనవంతుల పరిష్కారములు. వీథి కారునకు ఎత్తైన కామ్‌ను బిగించుకొను ఔత్సాహికునకు నేటికిని ఉక్కుచుట్టయే గతి. ఎంత గట్టి స్ప్రింగైన అంత మేలను భ్రమను మాత్రము విడువవలయును. అధికబలము కామ్‌ను అరుగదీయును. స్ప్రింగు విఱుగుదాక వేచియుండక, అమర్చిన యెత్తును, ఆ యెత్తున దాని బలమును బిగించునాడే వ్రాసియుంచుకొని, హెడ్డు విప్పినపుడెల్ల సరిచూచి, సత్తువ తగ్గినవానిని మార్చివేయుడు.